ర్యాంపు సిగ్నల్ వల్ల పాప దగ్గు పెరుగుతుందా?

ప్రశ్న: ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కే ర్యాంపు పక్కనే మా ఇల్లు. ఈ మధ్య అక్కడ సిగ్నల్ పెట్టి ఒక్కో వాహనాన్నే వదులుతున్నారు. సాయంత్రాలు మా కిటికీ కింద వాహనాలు బారులు తీరుతున్నాయి. ఏడేళ్ల మా పాపకు ఆస్తమా. రాత్రిళ్లు దగ్గు ఎక్కువైంది. సిగ్నల్‌తో కాలుష్యం తగ్గుతుందంటున్నారు. నిజమేనా? ఇల్లు మారాలా?

జవాబు: వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, మీ అనుమానమూ తప్పు కాదు. 2000లో అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలో దాదాపు 430 ర్యాంపు సిగ్నళ్లను కొన్ని వారాలు ఆపి చూశారు. ప్రమాదాలు 26 శాతం పెరిగాయి, మొత్తం మీద పొగ కూడా పెరిగింది. కాబట్టి సిగ్నల్ తీసేయమని నేను అనను. అయితే అది రహదారి అంతటి లెక్క. మీ పాప పీల్చేది మీ కిటికీ దగ్గరి గాలి. బారులో ఆగిన ఇంజిన్లు పొగ వదులుతూనే ఉంటాయి. పచ్చ లైటు పడగానే ఆ కొద్ది దూరంలోనే వేగం అందుకోవాలని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతారు. పొగ గుప్పుమనేది అప్పుడే. కిటికీ గట్టును తెల్లగుడ్డతో తుడిచి చూడండి, నల్లటి మసి అంటుకుంటుంది. అంతకంటే సన్నని రేణువులు, నైట్రోజన్ డయాక్సైడ్ కంటికి కనబడవు. ఆస్తమా ఉన్న పిల్లల శ్వాసనాళాలు వాటికి త్వరగా బిగుసుకుంటాయి.

అయినా దగ్గుకు అదొక్కటే కారణమని ఇప్పుడే తేల్చలేను. జలుబు చేసి ఉండవచ్చు, రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్ మధ్యలో మానేసి ఉండవచ్చు. రెండు వారాలపాటు పాప ఎప్పుడు దగ్గుతోందో, సిగ్నల్ ఏ వేళల్లో పనిచేస్తోందో ఒక పుస్తకంలో రాసి మీ డాక్టర్‌కు చూపించండి. ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంలాంటి డబ్బా) సరిగ్గా పీల్చుతోందో లేదో ఆయన ఎదుటే చేయించండి. చాలామంది పిల్లల్లో లోపం అక్కడే దొరుకుతుంది.

రద్దీ వేళల్లో ర్యాంపు వైపు కిటికీలు మూసి, బారు తగ్గాక తెరవండి. పాప పడక రోడ్డుకు దూరంగా ఉన్న గదిలోకి మార్చండి. నేలను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి. హెపా ఫిల్టర్ ఉన్న గాలి శుద్ధి యంత్రం రేణువులను తగ్గిస్తుంది, వాయువులను పెద్దగా ఆపదు. ఇల్లు మారడానికి తొందరపడకండి. ఎప్పటికైనా మారితే మాత్రం రహదారికి రెండు మూడు వందల మీటర్ల దూరం చూసుకోండి, అక్కడికి వాహనాల పొగ చాలావరకు పలుచబడుతుంది. ర్యాంపు సిగ్నల్ వేళలు చూసే అధికారులకు బారు పొడవు గురించి రాతపూర్వకంగా తెలపండి. బారు మరీ పెరిగినప్పుడు వాహనాలను త్వరగా వదిలేలా సిగ్నల్‌ను సర్దవచ్చు.

పాప మాట పూర్తిచేయలేక ఆయాసపడినా, ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగినా, పెదవులు నీలంగా మారినా ఆలస్యం చేయకండి. వెంటనే ఉపశమనానికి ఇచ్చిన ఇన్‌హేలర్ వాడుతూ ఆసుపత్రికి తీసుకెళ్లండి.