మలుపులో నిలకడ, గతుకులో మెత్తదనం: స్పోర్ట్స్ కారు సస్పెన్షన్‌పై మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి అందిన ఉత్తరాలలో చాలా వాటి సారాంశం ఒక్కటే: స్పోర్ట్స్ కారు మలుపులలో గట్టిగా నిలబడాలి, అయినా గతుకుల మీద ఒళ్లు హూనం కాకూడదు. ఒకే సందేహాన్ని పలువురు వేర్వేరు మాటలలో రాశారు కనుక వాటిని కలిపి ఆరు ప్రశ్నలుగా తీసుకుంటున్నాను. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది. తక్కినవి దాని మీదే ఆధారపడతాయి.

ప్రశ్న: నా దగ్గర పదేళ్ల నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉంది. దాదాపు లక్ష కిలోమీటర్లు తిరిగింది. వేగంగా వెళ్తున్నప్పుడు ఎత్తుపల్లాల మీద పడవలా ఊగుతోంది, మలుపులలో ఒరుగుతోంది, మళ్లీ చిన్న గతుకుకే నడుము అదురుతోంది. గట్టి స్ప్రింగులు వేయిస్తే ఒరగడం తగ్గుతుంది గానీ ప్రయాణం ఇంకా కష్టమవుతుందని మిత్రులు అంటున్నారు. రెండూ ఒకేసారి బాగుపడే దారి ఉందా?

జవాబు: ఉంది. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఆ దారి స్ప్రింగుల దగ్గర కాకుండా డాంపర్ల దగ్గర, అంటే వాడుకలో మనం షాక్ అబ్జార్బర్లు అనేవాటి దగ్గర మొదలవుతుంది. ఆ పేరే చాలా పొరపాట్లకు మూలం. గతుకు తగిలినప్పుడు దెబ్బను లోపలికి తీసుకునేవి టైరు, స్ప్రింగు. అలా తీసుకున్న శక్తిని స్ప్రింగు తనలో ఉంచుకోలేదు, వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. అడ్డు లేకపోతే ఈ ఇచ్చిపుచ్చుకోవడం చాలాసేపు సాగుతుంది. డాంపరు తన లోపలి నూనెను సన్నని దారుల గుండా బలవంతంగా నెట్టించి, ఆ ఊపును వేడిగా మార్చి చల్లారుస్తుంది.

కారులో ఊగేవి రెండు. మొదటిది స్ప్రింగుల మీద నిలిచిన బాడీ. అది సెకనుకు సుమారు ఒకటి, రెండు సార్లు ఊగుతుంది. రెండోది స్ప్రింగుల కింద ఉన్న చక్రం, హబ్, బ్రేకుల బరువు. అది టైరు మీద సెకనుకు 10 నుంచి 15 సార్లు ఎగిరిపడుతుంది. రెండింటినీ అదుపులో ఉంచవలసినది ఒకే డాంపరు. అది అరిగిపోతే మొదటి ఊపు మీకు పడవలా తేలుతున్నట్టు, రెండోది అదురుగా తెలుస్తుంది. పైగా అదుపు తప్పిన బాడీ కిందికి దిగినప్పుడల్లా బంప్ స్టాప్ అనే చిన్న దిమ్మను గుద్దుకుంటుంది. మీ నడుముకు తగులుతున్న దెబ్బలో పెద్ద వాటా దానిదే అయి ఉంటుంది. డాంపర్లు ఒక్కరోజులో పాడవకుండా కొద్దికొద్దిగా నీరసిస్తాయి కాబట్టి రోజూ నడిపేవారికి ఆ తేడా పట్టుబడదు. బయటికి నూనె కారడం లేదు కదా అని అవి బాగున్నాయనుకోవద్దు. లోపలి వాల్వులు, సీళ్లు అరిగినా బయటికి ఏ గుర్తూ కనిపించకపోవచ్చు.

కనుక కొత్త సామాను కొనేముందు పాతదాని పరిస్థితి తెలుసుకోండి. టైర్లలో గాలి తయారీదారు చెప్పినంతే ఉందో లేదో చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఎక్కువ గాలి పట్టించిన టైరు తానే గట్టి స్ప్రింగుగా మారి చిన్న గతుకులన్నింటినీ పైకి పంపుతుంది. తర్వాత చక్రాన్ని బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్‌ల కీళ్లలోని బుష్‌లు, బాల్ జాయింట్లు, డాంపర్ పై భాగాన్ని బాడీకి పట్టి ఉంచే టాప్ మౌంట్లు చూపించండి. ఇవి సడలిన కారుకు ఎంత ఖరీదైన డాంపర్లు వేసినా ఆ డబ్బు వృథాయే. ఈ మరమ్మతులయ్యాక ఉన్న స్ప్రింగులనే ఉంచి, మంచి రకం డాంపర్లు నాలుగూ ఒకేసారి మార్పించి, అలైన్‌మెంట్ చేయించి కొన్ని వారాలు నడపండి. ఇక్కడితోనే చాలామంది కోరిక తీరిపోతుందని నా నమ్మకం.

ఆ తర్వాత కూడా ఇంకొంచెం బిగువు కావాలనిపిస్తే స్ప్రింగుల సంగతి ఆలోచించవచ్చు, అయితే లెక్కతో. చక్రం దగ్గర కొలిచిన గట్టిదనాన్ని ఆ మూల మోస్తున్న బరువుతో కలిపి చూస్తేనే బాడీ ఎంత వేగంగా ఊగుతుందో తెలుస్తుంది. ఒక మూల స్ప్రింగు పైన 300 కిలోల బరువు ఉండి, చక్రం దగ్గర గట్టిదనం మిల్లీమీటరుకు 25 న్యూటన్లు అయితే బాడీ సెకనుకు సుమారు 1.45 సార్లు, అంటే 1.45 హెర్ట్జ్ వేగంతో ఊగుతుంది. కుటుంబ కార్లు సాధారణంగా 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య, రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 మధ్య ఉంటాయి. 2 దాటిందంటే అది రేసు ట్రాక్ కోసం కట్టిన కారు. పై ఉదాహరణలో గట్టిదనాన్ని 35కు పెంచితే వేగం 1.7 దాకా వస్తుంది. రోడ్డు మీద తిరిగే కారుకు ఆ దగ్గరే ఆగమని నా సలహా. ఇందులో ఒక మెలిక ఉంది. స్ప్రింగు చక్రానికి నేరుగా కాకుండా ఆర్మ్ మధ్యలో కూర్చుంటే చక్రం కదిలినంత దూరం స్ప్రింగు కదలదు. చక్రం 10 మిల్లీమీటర్లు కదిలినప్పుడు స్ప్రింగు 7 మాత్రమే నలిగితే, దాని గట్టిదనంలో సగం కంటే కొంచెం తక్కువే చక్రానికి చేరుతుంది, 0.7ను 0.7తో గుణిస్తే 0.49 కదా. కాబట్టి పెట్టె మీద రాసిన అంకెను మరో కారు అంకెతో పోల్చడం తప్పుదారి పట్టిస్తుంది.

మెత్తని స్ప్రింగులతో కారు బాగా నడవదనేది అపోహ అనడానికి 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ చాలు. తేలికైన బాడీ, మెత్తని స్ప్రింగులు, ఎక్కువ కదలిక, దాన్ని చక్కగా పట్టి ఉంచే డాంపింగ్: ఆ కారు మలుపులలో పేరు తెచ్చుకున్నది ఈ కూర్పుతోనే. ఇంకో విషయం 1930లలో మారిస్ ఆలీ అనే ఇంజినీరు జనరల్ మోటార్స్‌లో చేసిన పరిశోధనల నుంచి మనకు అందింది. ముందు చక్రాలు గతుకు దాటిన కొంతసేపటికి గానీ వెనుక చక్రాలు దాన్ని చేరవు. వెనుక భాగం ముందు భాగం కంటే కాస్త వేగంగా ఊగేటట్టు స్ప్రింగులు ఎంచితే, ఆలస్యంగా మొదలైన వెనుక ఊపు ముందు ఊపును అందుకొని, కారు ముందుకూ వెనక్కూ తూగకుండా సమంగా పైకి లేచి దిగుతుంది. ముందు స్ప్రింగులను మాత్రమే గట్టిగా మార్చి ఈ సంబంధాన్ని చెడగొట్టుకోకండి.

ప్రశ్న: 40 మిల్లీమీటర్లు తగ్గించే స్ప్రింగులు వేయిస్తే గురుత్వ కేంద్రం కిందికి దిగి కారు మలుపులలో ఇంకా బాగుంటుందని చెబుతున్నారు. ఉన్న డాంపర్లతోనే వేయించవచ్చా?

జవాబు: వద్దు. అంత తగ్గించడం పట్ల నాకు సానుకూలత లేదు; ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు ఎంత బరువు మారుతుందనేది గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు తీవ్రత నిర్ణయిస్తాయి. 1000 కిలోల కారు, 500 మిల్లీమీటర్ల ఎత్తున గురుత్వ కేంద్రం, 1500 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుందాం. కారును దాని బరువులో 0.9 వంతు బలంతో పక్కకు నెట్టే (0.9 జీ) మలుపులో సుమారు 300 కిలోల బరువు బయటి వైపు మారుతుంది. కారును 20 మిల్లీమీటర్లు దింపితే అది 288 అవుతుంది, 40 దింపితే 276. లాభం ఉన్నమాట నిజమే, కానీ దానికి ఇచ్చే మూల్యం చూడండి.

కారు కిందికి దిగిన ప్రతి మిల్లీమీటరూ చక్రం పైకి కదిలే చోటు నుంచి తీసుకున్నదే. బంప్ స్టాప్‌కు చేరే దూరం 60 మిల్లీమీటర్లు ఉన్న కారులో 40 తీసేస్తే మిగిలేది 20. ఇక ప్రతి మోస్తరు గతుకూ దిమ్మకు తగులుతుంది. మలుపు మధ్యలో అలా తగిలితే ఆ మూల ఒక్కసారిగా గట్టిపడి టైరు పట్టు జారిపోతుంది. మీ కారు ముందు భాగంలో మాక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే డాంపరే చక్రాన్ని నిలబెట్టే అమరిక, ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. కింది ఆర్మ్ బయటి కొన పైకి వాలిపోతుంది, దానితో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్, గురుత్వ కేంద్రం దిగినదానికంటే చాలా ఎక్కువగా దిగుతుంది. ఆ రెండింటి మధ్య దూరమే బాడీని ఒరిగించే మీట పొడవు కాబట్టి, కారును దింపడం వల్ల ఒరిగే గుణం తగ్గకపోగా పెరగవచ్చు. బాడీ ఒరిగినప్పుడు చక్రం నిటారుగా నిలిచేందుకు రావలసిన క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం) మార్పు కూడా తగ్గిపోతుంది. స్టీరింగ్ టై రాడ్ కోణం మారి, గతుకు తగిలినప్పుడల్లా చక్రం తనంతట తాను కొద్దిగా తిరగడం మరో ఇబ్బంది. నేనైతే స్ట్రట్ ఉన్న కారును 15, 20 మిల్లీమీటర్లకు మించి దింపను, అదీ ఆ స్ప్రింగు కోసమే తయారైన డాంపర్లతో. గట్టి స్ప్రింగు మరింత బలంగా తిరిగి విచ్చుకుంటుంది; మెత్తని స్ప్రింగుకు సరిపోయే పాత డాంపరు దాన్ని పట్టలేదు.

ప్రశ్న: నేను తీసుకున్న కాయిలోవర్లలో (డాంపరు చుట్టూ స్ప్రింగు అమర్చిన సెట్లు) బంప్, రీబౌండ్‌లకు వేర్వేరు నాబ్‌లు ఉన్నాయి. ఎంత తిప్పాలో తెలియడం లేదు.

జవాబు: డాంపరు నలుగుతున్నప్పుడు ఇచ్చే నిరోధం బంప్, విచ్చుకుంటున్నప్పుడు ఇచ్చేది రీబౌండ్. రెండింటినీ గట్టి వైపు చివరి దాకా సున్నితంగా తిప్పి, అక్కడి నుంచి వెనక్కి ఎన్ని క్లిక్కులు వచ్చారో లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాయండి. తయారీదారు సూచించిన స్థానంతో మొదలుపెట్టి, మీకు బాగా తెలిసిన ఒకే దారిలో, ఒకే వేగంలో, ఒకసారికి ఒక్క నాబ్‌నే రెండేసి క్లిక్కులు మార్చి చూడండి.

బంప్‌ను మాత్రం మెత్తని చివర నుంచి మొదలుపెట్టడం నాకు ఇష్టం. పెద్ద అల దాటాక బాడీ ఒక్కసారి లేచి, దిగి, నిలిచిపోయేదాకా రీబౌండ్ పెంచండి. రెండుమూడు సార్లు ఊగుతుంటే రీబౌండ్ తక్కువైనట్టు. వరుస గతుకుల మీద కారు అంతకంతకూ కిందికి కూరుకుపోయి గట్టిపడుతున్నట్టుంటే ఎక్కువైనట్టు. ఒక గతుకు తర్వాత చక్రం తిరిగి కిందికి దిగేలోపే రెండోది వచ్చేస్తోంది. రీబౌండ్ ఎక్కువైన సంగతిని చాలామంది గుర్తించక స్ప్రింగులు గట్టివనుకొని మార్చేస్తారు. ఒరిగేటప్పటి, బ్రేకు వేసినప్పటి నెమ్మది కదలికలూ, గుంతలో పడినప్పటి వేగవంతమైన కదలికలూ డాంపరు లోపల వేర్వేరు వాల్వుల పని. చవక రకాలలో ఒక్క నాబ్ రెండింటినీ కలిపి మార్చేస్తుంది కాబట్టి మలుపు కోసం బిగిస్తే గతుకు శిక్షిస్తుంది. ఎన్ని క్లిక్కులున్నాయన్నదాని కంటే లోపలి వాల్వింగ్ ఎలా ఉందన్నదే విలువైన ప్రశ్న.

ఎత్తు మార్చేటప్పుడు కూడా జాగ్రత్త. కొన్ని రకాలలో స్ప్రింగు కింది పళ్లేన్ని తిప్పి, కొన్నింటిలో డాంపరు కింది బ్రాకెట్టునే తిప్పి ఎత్తు మారుస్తారు. రెండో పద్ధతిలో డాంపరు కదిలే దూరం తగ్గదు. ఏ పద్ధతిలోనైనా చక్రం గాలిలో వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పళ్లెం మీద నుంచి తప్పుకోకూడదు, అలాగే చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడు టైరు ఫెండర్‌కు రాసుకోకూడదు.

ప్రశ్న: స్ప్రింగులు ముట్టుకోకుండా ముందు యాంటీ రోల్ బార్‌ను మాత్రం 22 నుంచి 24 మిల్లీమీటర్లకు మారిస్తే చాలా?

జవాబు: రెండు మిల్లీమీటర్లు చూడటానికి చిన్నవే. అయితే ఎడమ, కుడి చక్రాలను కలిపి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ అయిన ఈ బార్ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది కనుక, రెండూ బోలుగా లేనివైతే కొత్త బార్ సుమారు 42 శాతం ఎక్కువ గట్టిగా ఉంటుంది. ఒరగడం తగ్గుతుంది. కానీ పైన చెప్పిన 300 కిలోలలో ముందు టైర్ల వాటా పెరిగి, ముందు భాగం మలుపు బయటికి జారే గుణం హెచ్చుతుంది. మీ కారుకు ఇప్పటికే ఆ గుణం ఉంటే వెనుక బార్‌ను కాస్త గట్టిపరచడమే మేలు. అయితే తడి రోడ్డు మీద వెనుక భాగం విదిలించే ప్రమాదం ఉంది కాబట్టి ఒక్క మెట్టుకు మించవద్దు. బార్ రెండు చక్రాలనూ ముడిపెడుతుంది. రెండూ కలిసి లేచే గతుకులో అది అడ్డురాదు, ఒక్క చక్రమే గుంతలో పడితే ఆ కుదుపును రెండోవైపుకూ పంచి తలను పక్కలకు ఊపుతుంది.

ప్రశ్న: రబ్బరు బుష్‌ల స్థానంలో పాలియురథేన్ బుష్‌లు మంచివేనా?

జవాబు: స్టీరింగ్ స్పష్టంగా మాట్లాడుతుంది, బదులుగా రోడ్డు శబ్దం లోపలికి వస్తుంది, గ్రీజు ఎండితే కీచుమంటాయి. రోజూ నడిపే కారుకు కొత్త రబ్బరు బుష్‌లే చాలు. ఒక్క విషయం మాత్రం దగ్గరుండి చూసుకోండి. రబ్బరు బుష్ లోపలి గొట్టానికి అతికి ఉంటుంది, ఆర్మ్ కదిలితే మెలిపడుతుంది. కారు లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగానే బోల్టులు బిగిస్తే, కిందికి దింపాక అవి శాశ్వతంగా మెలిపడి ఉండి త్వరగా చిరుగుతాయి, కారు కూడా బిర్రబిగుసుకొని నడుస్తుంది. నా కారుకు ఒకసారి ఇలాగే జరిగి, కొత్త బుష్‌లు కొద్ది నెలలకే పోయాయి. చక్రాల మీద బరువు నిలిచి, కారు తన మామూలు ఎత్తులో ఉన్నప్పుడే చివరి బిగింపు చేయించండి.

ప్రశ్న: డాంపర్లు మాత్రమే మార్చాం కాబట్టి అలైన్‌మెంట్ అక్కర్లేదని మెకానిక్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: చక్రాన్ని నిలిపి ఉంచేది రెండు ఆర్మ్‌లే అయి, డాంపరు కేవలం మధ్యలో కూర్చున్న కారులో, ఎత్తు మారకపోతే ఆ మాట నిజం. స్ట్రట్ ఉన్న కారులో డాంపరే చక్రాన్ని నిలబెడుతుంది. దాన్ని హబ్‌కు కలిపే బోల్టులు విప్పి బిగిస్తేనే క్యాంబర్, దానితో పాటు టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోతాయి, కనుక తప్పనిసరి. కొత్త స్ప్రింగులు వేసినప్పుడైతే కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, అవి సర్దుకున్నాక మరొకసారి కొలిపించండి. ఆ కొలతకు కారును తీసుకువెళ్లేటప్పుడు ట్యాంకు సగం నిండి ఉండేటట్టు చూసి, రెండు సీట్ల తేలికపాటి కారులో డ్రైవరు బరువే కోణాలను మార్చగలదు కాబట్టి, మీ బరువుకు సరిపడే బస్తాలను డ్రైవరు సీటులో పెట్టమని అడగండి.