కోరీలు తెల్లబడితే జబ్బా, జాతి భేదమా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఏడాదిగా మీ దగ్గర ఉన్న 6 బ్రాంజ్ కోరీలలో (అక్వేరియంలో పెంచే, కంచు రంగు చిన్న మీసాల చేపలు) 2, ట్యాంకు అడుగున ఉన్న నల్ల గులకరాళ్ళు తీసేసి తెల్ల ఇసుక పోసిన పక్షం రోజులకు పాలిపోయాయి. షాపువారు జబ్బు అని మందు ఇచ్చారు, మీ మిత్రుడు అవి అసలు వేరే జాతి అన్నారు. వీటిని అల్బినో (పుట్టుకతోనే తెల్లగా ఉండే) కోరీలతో జత కలిపితే పిల్లలు ఏ రంగులో పుడతాయో కూడా తెలుసుకోవాలనుకుంటున్నారు. హైదరాబాదులో పదకొండేళ్ళుగా ప్రధానంగా కోరీలనే పెంచుతున్నాను కాబట్టి నా అనుభవంలో చూసినది చెబుతాను. ముందుగా ఒక మాట: ఆ మందు సీసా ఇప్పుడే తెరవకండి.

చేపలు మేత బాగా తింటున్నాయనీ, మీసాలు అరిగిపోలేదనీ, రంగు ఒళ్ళంతా ఒకేలా తగ్గిందనీ మీరే రాశారు. నాకు ముఖ్యంగా కనిపించింది ఈ మూడు విషయాలే. జబ్బు చేసిన కోరీ ఇలా సమంగా తేలిపోయి ఊరుకోదు. దూది లాంటి తెల్లని మచ్చ కడుతుంది, లేదా ఒంటి మీద జిగురు పేరుకుని బూడిద పూసినట్లు అవుతుంది, లేదా అడుగు మురికిగా ఉన్నప్పుడు పొట్ట కింద ఎర్రగా కందుతుంది. దానితో పాటు రెక్కలు ముడుచుకుని, మేతకు రాకుండా ఒక మూలన పడి ఉంటుంది. మీ చేపల్లో ఇవేవీ లేనప్పుడు అనుమానించవలసింది ఇసుకనే.

మన వాలుగ, జెల్లల మాదిరిగానే కోరీకి కూడా పొలుసులు ఉండవు. వాటికి బదులు ఒక్కొక్క పక్కన రెండేసి వరుసల ఎముక పలకలు ఉంటాయి. ఆ పలకల మీది చర్మంలో నల్లని రంగు కణాలు ఉంటాయి. కణం లోపలి రంగు రేణువులు అంతటా పరుచుకుంటే చేప ముదురుగా, కణం మధ్యకు ముడుచుకుంటే లేతగా కనిపిస్తుంది. అడుగు నుంచి కంటికి చేరే వెలుతురును బట్టి చేప మెదడు ఈ కదలికను నడిపిస్తుంది. మొదట్లో ఇది కొన్ని గంటల్లో వచ్చి పోయే మార్పే అయినా, వారాల తరబడి తెల్లటి అడుగు మీదే ఉంటే ఆ కణాల సంఖ్యే తగ్గుతుంది, అప్పుడు రంగు తిరిగి రావడానికి కూడా వారాలే పడుతుంది. కంచు మెరుపు మాత్రం వేరే కణాలది. వాటిలోని సన్నని స్ఫటికాలు వెలుతురును తిప్పికొడతాయి కనుకనే ఒకే చేప ఒక వైపు నుంచి రాగి రంగులోనూ, మరో వైపు నుంచి ఆకుపచ్చగానూ కనిపిస్తుంది. షాపుల్లో గ్రీన్ కోరీ అని అమ్మేవి చాలావరకు ఈ బ్రాంజ్ కోరీలే.

చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో, చెరువు బురదలోంచి పట్టి తెచ్చిన మార్పు అనే మీసాల చేపలను సిమెంటు తొట్టిలో వదిలితే, మర్నాటికి వాటి నలుపు విరిగి మట్టి రంగుకు వచ్చేది. అప్పుడు అది నీళ్ళ మహిమ అనుకునేవాళ్ళం. నాలుగేళ్ళ క్రితం, ఒకే ఈతలో పుట్టిన రెండు కోరీలను, అదే ట్యాంకు నీళ్ళతో నింపిన రెండు టబ్బుల్లో, నల్లదానిలో ఒకటి, తెల్లదానిలో ఒకటి వదిలాను. రెండు గంటల తర్వాత రెండింటినీ ఒకే గాజు గిన్నెలోకి తీసి చూస్తే, తెల్ల టబ్బులోని చేప వీపు మీది ముదురు పట్టీ దాదాపు కనిపించలేదు. నల్ల టబ్బులోని దానికి ఆ పట్టీ ఇంకా చిక్కబడింది. మీ ఆరింటిలో రెండే ఎందుకు మారాయంటే, నా ట్యాంకులోనూ అలాగే జరిగింది: దుంగ నీడలో పడుకునేవి ముదురుగానే ఉండిపోయాయి, ఆరుబయట ఇసుకలో తిరిగేవి తేలిపోయాయి. మీ రెండు చేపలు పగలు ఎక్కడ గడుపుతున్నాయో గమనించండి.

ఇక జాతి విషయం. ఈ చేపను 1858లో అమెరికా చేపల శాస్త్రవేత్త థియొడోర్ గిల్ ట్రినిడాడ్ దీవి నుంచి వర్ణించారు. చాలా కాలం కోరిడోరాస్ ఏనియస్ అని పిలిచిన దీనిని 2024 నాటి వర్గీకరణ ఆస్టియోగాస్టర్ ఏనియా అంటోంది. దక్షిణ అమెరికాలో చాలా విస్తారమైన ప్రాంతంలో ఉండే చేప కనుక అందులో రకరకాల ఛాయలు సహజమే. మీ మిత్రుడు రంగు చూసి జాతి చెప్పారు, కానీ ఏడాది పాటు ఒకే రంగులో ఉన్న చేప ఇసుక మారాక జాతి మారదు.

అల్బినో మాత్రం పుట్టుకతో వచ్చే లక్షణం. ఎర్రని కళ్ళు దాని గుర్తు. ఇది జన్యువులో అణిగి ఉండే గుణం కనుక, కంచు చేపకూ అల్బినోకూ పుట్టిన పిల్లలు సాధారణంగా అన్నీ కంచు రంగులోనే ఉంటాయి. కంచు తల్లిలోనో తండ్రిలోనో ఆ గుణం ముందే దాగి ఉంటే మాత్రం సుమారు సగం తెల్లవి వస్తాయి. నా కంచు-అల్బినో జత 2019 జూలైలో, తొలకరి వానల తర్వాత కాస్త చల్లని నీళ్ళు మార్చిన మర్నాడు గుడ్లు పెట్టింది. ఆడది పొట్ట కింది రెండు రెక్కలను దొప్పలా ముడిచి, అందులో గుడ్లు పట్టుకుని వచ్చి గాజుకు అంటించడం గంటసేపు కదలకుండా చూశాను. 40కి పైగా పిల్లలు వస్తే ఒక్కటీ తెల్లది లేదు. వాటిలో వాటినే జత కలిపిన మరుసటి ఏడాది, పొదిగే ముందే తేడా తెలిసిపోయింది: భూతద్దంతో చూస్తే చాలా గుడ్లలో రెండేసి నల్లని కళ్ళు చుక్కల్లా కనిపించాయి, కొన్నింటిలో ఆ చుక్కలే లేవు. బతికిన 52లో 12 అల్బినోలు. కంచు పిల్లలు మొదట్లో మచ్చలు మచ్చలుగా ఉంటాయి, అది చూసి కంగారు పడకండి.

అల్బినో కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. పెప్పర్డ్ కోరీలోనూ అల్బినోలు ఉంటాయి, అది వేరే జాతి. తల్లిదండ్రులు ఏవో తెలిసిన చోటే కొనండి. రెండవది, గులాబీ, నీలం మచ్చలు ఉన్న కోరీలను దయచేసి కొనవద్దు. అవి తెల్ల చేపలకు రంగు ఎక్కించినవి. తెలియక నేనూ ఒకసారి నాలుగు గులాబీ కోరీలను తెచ్చుకున్నాను. మూడు వారాల్లో రెండు చనిపోయాయి, మిగిలిన రెండింటి రంగు కొన్ని నెలల్లో పూర్తిగా పోయి, లోపలి అల్బినోలు బయటపడ్డాయి. ఆ రెండింటినీ ఆరేళ్ళు పెంచాను గానీ, మొదటి రెండింటి బాధ నాకు ఇంకా పోలేదు.

మీ పాలిపోయిన రెండు చేపల కోసం ట్యాంకులో సగం మేర మళ్ళీ నల్ల రాళ్ళు పరిచి, ఒక దుంగ నీడ ఏర్పాటు చేసి నెల రోజులు ఆగండి. ఉదయం లైటు వేసిన క్షణంలో రంగును అంచనా వేయవద్దు, రాత్రంతా చీకటిలో ఉన్న కోరీలన్నీ ఆ సమయానికి లేతగానే ఉంటాయి, కోలుకోవడానికి అరగంట ఇవ్వండి. జతలు ఎంచుకునేటప్పుడు ఆ రెండింటినీ పక్కన పెట్టవలసిన పని లేదు. ఇసుక వల్ల వచ్చిన తెలుపు పిల్లలకు రాదు.