అద్దె, బిల్లు: దమానీ గెలిచింది ఈ రెండింటి దగ్గరే

‘హైదరాబాద్‌లో కిరాణా షాపు పెట్టి డీమార్ట్ దమానీలా ఎదగొచ్చా?’ అని అడిగారు. ఎదగొచ్చు. కానీ ఆయన చేతిలో చిల్లిగవ్వ లేకుండా మొదలుపెట్టారన్నట్టు చెప్పే వీడియోలు మాత్రం నమ్మకండి. అవి కుర్రాళ్లను ముంచుతున్నాయి. రాధాకిషన్ దమానీ షేర్ మార్కెట్లో బాగా సంపాదించాకే 2002లో ముంబై పొవాయ్‌లో తొలి డీమార్ట్ తెరిచారు. 2017 దాకా ఐపీఓ (కంపెనీ షేర్లను తొలిసారి జనానికి అమ్మడం) జోలికే పోలేదు. అప్పుడు 299 రూపాయలకిచ్చిన షేరు తొలిరోజే 600 దాటింది.

ధర తక్కువ కాబట్టి జనం వస్తారని అందరూ అంటారు. ఆ ధర ఎలా తగ్గిందో ఎవరూ చెప్పరు. ఆయన షాపులు ఎక్కువగా సొంత స్థలాల్లోనే పెట్టారు, సరుకు ఇచ్చినవాళ్లకు త్వరగా డబ్బు కట్టారు. అద్దె మిగిలింది, సరుకు చవగ్గా వచ్చింది. అంతే.

కిషోర్ బియానీ పెట్టిన సూపర్‌మార్కెట్ల గొలుసు బిగ్ బజార్ 2001లోనే వచ్చింది, డీమార్ట్ కంటే ముందే. జనం రాక కాదు అది పడిపోయింది. అప్పులు, అద్దెలు మీద పడ్డాయి. 2022 ఫిబ్రవరి చివర్లో సరుకులకని వెళ్లినవాళ్లకు షట్టర్లు దించి కనిపించాయి. అద్దె బకాయిలు పేరుకుపోయాయి, చాలా షాపుల లీజులు అప్పటికే రిలయన్స్ చేతికి వెళ్లాయి. బోర్డు మీద పేరు మనది, తాళం ఇంకొకరిది!

ఇక మన లెక్క. రోజుకు 40 వేల అమ్మకమంటే నెలకు 12 లక్షలు. పది శాతం మార్జిన్ వేసుకున్నా 1.2 లక్షలు. మెయిన్ రోడ్డు మోజులో 60 వేల అద్దెకు దిగితే సగం అక్కడే పోయింది. ఇద్దరు కుర్రాళ్ల జీతం, ఫ్రిజ్‌ల కరెంటు, ఎక్స్‌పైరీ సరుకు తీసేస్తే గల్లాలో ఏం మిగులుతుంది? అద్దె అమ్మకంలో నాలుగు శాతం దాటితే ఆ మడిగ వద్దు. గల్లీ లోపలికి వెళ్లండి.

డిస్ట్రిబ్యూటర్ 21 రోజుల అప్పిస్తానంటే సంబరపడకండి. మర్నాడే కడితే ఎంత తగ్గిస్తారో అడగండి. 20 రోజుల ముందు కట్టినందుకు 2 శాతం తగ్గించినా ఏడాదికి 36 శాతం పైనే పడుతుంది. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకునే అప్పు) వడ్డీ అందులో సగం కూడా ఉండదు. అయితే నెలలోపు అమ్ముడయ్యే సరుకుకే ఇలా కట్టండి. కదలని షాంపూకు నగదు పెడితే ఆ డబ్బు అలమరాలో ఇరుక్కున్నట్టే.

బేగంబజార్ హోల్‌సేల్ మార్కెట్ నుంచి పప్పు బస్తా దిగగానే కాటా వేయండి. 50 కిలోలని రాసి ఉంటే అది గోనెతో కలిపా, విడిగానా అని అడగండి. గోనె ఒక్కటే అరకిలో పైన తూగుతుంది. జల్లెడ పట్టాక తరుగు ఇంకొంత. ఇవి లెక్కలో వేయకుండా కిలో ప్యాకెట్లు కట్టి ధర పెట్టినవాళ్లకు, ప్యాకెట్లన్నీ అమ్ముడుపోయినా లాభం ఎందుకు కనబడలేదో అర్థం కాదు.

రెండో షాపు తొందరపడి పెట్టకండి. మొదటిది కూకట్‌పల్లిలో ఉంటే రెండోది ఎల్బీ నగర్‌లో వద్దు, పక్కనే ఉన్న నిజాంపేటలో చూడండి. ఒకే ట్రాలీ ఒకే ట్రిప్పులో రెండుచోట్లా సరుకు దించుతుంది, ఒక షాపులో కుర్రాడు రాకపోతే రెండో షాపు నుంచి పంపొచ్చు.