సీడ్ ఒకటే ఇచ్చినా ఆర్, పైథాన్ అంకెలు ఎందుకు కలవవు?

ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న రిటర్న్స్ సిమ్యులేషన్‌ని (ఫండ్ లాభనష్టాలను ర్యాండమ్ అంకెలతో నడిపి చూసే లెక్కని) పైథాన్‌లోకి మార్చి, రెండు చోట్లా సీడ్ (ర్యాండమ్ అంకెలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంఖ్య) 42 ఇచ్చినా ఒక్క అంకె కూడా కలవడం లేదని అడిగారు. అవి కలవవండి. పైథాన్‌లో లెక్కలకు వాడే లైబ్రరీ నంపైలో పాత పద్ధతిలో సీడ్ ఇస్తే అదీ ఆర్‌లాగే మెర్సెన్ ట్విస్టర్ అనే జనరేటర్‌నే (ర్యాండమ్ అంకెలు పుట్టించే సూత్రాన్నే) వాడుతుంది. కానీ ఆర్ మనమిచ్చిన సీడ్‌ని ముందు కలగాపులగం చేసుకుంటుంది. నార్మల్ అంకెలు (సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకునేవి) తీసే పద్ధతీ వేరే: ఆర్‌ది ఇన్వర్షన్, నంపై పాతదానిది పోలార్. 2019లో నంపై 1.17తో వచ్చిన కొత్త పద్ధతిలో అసలు జనరేటరే మారింది, అది పీసీజీ64. దీని వెంటపడి నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. మీరు ఆ పని చేయకండి.

ఆర్‌లో వచ్చిన ర్యాండమ్ అంకెల్ని సీఎస్‌వీ ఫైలుగా రాసి, పైథాన్‌లో వాటినే చదివించండి. అప్పుడు మిగతా లెక్క దశాంశాలతో సహా కలవాలి. కలవకపోతే తప్పు మన కోడ్‌లోనే ఉన్నట్టు.

నా కోడ్‌లో ఉంది. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బాబాయి గారు టీచరుగా రిటైరయ్యారు. 40 లక్షలు ఫండ్‌లో పెట్టి నెలకు 25 వేలు తీసుకుంటే 20 ఏళ్లు సరిపోతాయా అని అడిగారు. పాత ఆర్ కోడ్‌ని పైథాన్‌లోకి మార్చి 10,000 దారులు (ఆ డబ్బు ఎలా పెరగొచ్చో, తగ్గొచ్చో చూపే ఊహా నడకలు) నడిపాను. ఒక్క దారిలో కూడా డబ్బు అయిపోలేదు! సంతోషంగా ఫోన్ చేసి చెప్పేశాను కూడా. తర్వాత పట్టిక తెరిచి చూస్తే 10,000 దారులూ అచ్చం ఒకేలా ఉన్నాయి.

కారణం ఒక్క లైను. ఆర్‌లో నెలవారీ ధరల జాబితా నుంచి రిటర్న్స్‌ని ధర[-1] / ధర[-లెంగ్త్(ధర)] - 1 అని రాస్తాం. అక్కడ మైనస్ అంటే ఆ అంకెను తీసేయమని. పైథాన్‌లో మైనస్ అంటే చివరి నుంచి లెక్కపెట్టమని. అదే లైను పైథాన్‌లో పెడితే చివరి ధరను మొదటి ధరతో భాగించి ఒకే అంకె ఇస్తుంది. అంటే జాబితాలో ఉన్న ఐదేళ్ల లాభం మొత్తం ఒక నెల లాభమై కూర్చుంది, ఒక్క అంకెకు స్టాండర్డ్ డీవియేషన్ (ఎగుడుదిగుళ్ల కొలత) సున్నా కాబట్టి ఎగుడుదిగుళ్లు మాయమయ్యాయి. ఎర్రర్ లేదు, వార్నింగూ లేదు. పైథాన్‌లో రాయాల్సింది ధర[1:] / ధర[:-1] - 1. సరిచేసి నడిపితే ప్రతి వంద దారుల్లో పదికి పైగా మధ్యలోనే ఖాళీ అయ్యాయి. ఆ సాయంత్రమే బ్రాడీపేట వెళ్లి, ఎదురుగా కూర్చుని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. బాబాయి గారు డైరీలో 25 వేలు కొట్టేసి 20 వేలు అని రాసుకున్నారు.

చప్పుడు చేయని తప్పులు ఇంకో రెండున్నాయి. స్టాండర్డ్ డీవియేషన్ లెక్కలో ఆర్ ఎస్‌డీ ఎన్-1తో (ఎన్ అంటే ఎన్ని అంకెలున్నాయో అది) భాగిస్తుంది, నంపై ఎస్‌టీడీ ఎన్‌తో భాగిస్తుంది. 12 నెలల డేటా అయితే రిస్కు నాలుగు శాతానికి పైగా తక్కువ కనబడుతుంది. నంపై ఎస్‌టీడీకి డీడీఓఎఫ్=1 ఇవ్వండి. పైథాన్‌లోని మరో లైబ్రరీ పాండాస్ తనంతట తనే ఎన్-1 వాడుతుంది. రెండోది, ఆర్ మ్యాట్రిక్స్‌ని నిలువు వరుసల్లో నింపుతుంది, నంపై రీషేప్ అడ్డు వరుసల్లో నింపుతుంది. ఒకే ఫండ్ అయితే హిస్టోగ్రామ్‌లో ఇది బయటపడదు. ఒకదానితో ఒకటి సంబంధమున్న రెండు మూడు ఫండ్లుంటే మాత్రం ఆ కోరిలేషన్ చెదిరిపోతుంది. రీషేప్‌లో ఆర్డర్='ఎఫ్' పెట్టండి. నార్మల్ అంకెలు అడిగేటప్పుడు ఆర్‌లోని ఆర్‌నార్మ్‌కి ముందు ఎన్ని అంకెలు కావాలో చెప్పాలి, నంపైలో ముందు సగటు ఇవ్వాలి. తారుమారైతే సాధారణంగా ఎర్రరే వస్తుంది కాబట్టి దానికి టెన్షన్ అక్కర్లేదు.

ఇవన్నీ కలిశాక పైథాన్ సొంత ర్యాండమ్ అంకెలతో నడపండి. 10,000 దారుల్లో 10 శాతం ఫెయిలవుతుంటే, రెండు రన్‌ల మధ్య అర శాతం తేడా మామూలే. రెండు శాతం తేడా వస్తే మాత్రం రిటర్న్స్ లెక్కించే లైనూ, మ్యాట్రిక్స్ నింపే లైనూ పంపండి, చూస్తాను.