గుల్షన్ కుమార్ చేసింది పాటల దొంగతనమేనా? క్యాసెట్ షాపులో కూర్చున్నవాడి జవాబు

"గుల్షన్ కుమార్‌ని సంగీత వ్యాపారంలో గొప్పవాడంటారెందుకు? రఫీ, లతా పాటలు వేరేవాళ్లతో పాడించి అమ్ముకోవడం దొంగతనం కాదా?" అని అడిగారు.

కాదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 1988 నుంచి ఆరేళ్లు కాజీపేటలో మా బాబాయి రికార్డింగ్ షాపులో కూర్చున్నవాణ్ని నేను. జనం కాగితం మీద పన్నెండు పాటలు రాసిచ్చిపోతే, ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి సాయంత్రానికి ఇచ్చేవాళ్లం. చట్టప్రకారం అదీ తప్పే, దాచను. మేం ఎక్కించే పాట ఏ కంపెనీదైనా, ఖాళీ క్యాసెట్ మాత్రం ఎక్కువగా గుల్షన్ కుమార్ కంపెనీ టీ-సిరీస్‌దే. పాట ఎవరిది అమ్ముడుపోయినా ఆయనకి రూపాయి వచ్చేది. ఢిల్లీ దర్యాగంజ్‌లో తండ్రి పళ్లరసం దుకాణంలో పనిచేసిన మనిషి ఇది పట్టుకున్నాడు. అప్పటికి ఎన్నో ఏళ్లుగా పాటల వ్యాపారం ఏలుతున్న రికార్డుల కంపెనీ హెచ్.ఎం.వి. పెద్దలకి ఇది తట్టలేదు. వాళ్లు ఇంకా నల్ల రికార్డుల మీదే మనసు పెట్టుకున్నారు. ఈయన 1983లో సూపర్ క్యాసెట్స్ (టీ-సిరీస్ కంపెనీ అసలు పేరు) పెట్టి, నోయిడా ఫ్యాక్టరీలో క్యాసెట్లు తయారుచేసి, పాన్ డబ్బాల్లో, కిరాణా కొట్లలో కూడా వేలాడదీయించాడు. సంగీతం దుకాణం మెట్లెక్కడానికి జంకే మనిషికి బీడీకట్టతో పాటు పాట దొరికింది. భోజ్‌పురి, హర్యాణ్వీ, గఢ్వాలీ పాటలకి మార్కెట్ ఉందని చూపించినవాళ్లలో ఆయనా ఒకడు.

ఇక రఫీ పాటల సంగతి. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో అప్పట్లో ఒక దారి ఉండేది. నోటీసు ఇచ్చి, రాయల్టీ కట్టి, పాత పాటని కొత్త గొంతుతో మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు. ఆయన ఆ దారినే నడిచాడు. మొదట్లో ఆ కంపెనీ మీద పైరసీ ఆరోపణలు కూడా వచ్చాయి, అది వేరే విషయం. వాటిని నేను సమర్థించను. కొత్త గొంతు పాటల గురించి మాత్రం నేను కళ్లారా చూసింది చెబుతాను.

1992 వానాకాలం. రైల్వే కాలనీ నుంచి ఒక గార్డు గారు తడిసిన సంచిలో క్యాసెట్ పట్టుకొచ్చారు. రఫీ పాటలది. టేపురికార్డర్ రోలర్‌కి చుట్టుకుపోయి టేపంతా ముడతలు పడింది. బాబాయి విప్పి చూసి, "ఇది ఇగ బతకదు సార్" అన్నాడు. అదే క్యాసెట్ కొత్తది కావాలంటే హైదరాబాద్ డీలరు మూణ్ణెల్లుగా రేపు, మాపు అంటున్నాడు. ఎక్కిద్దామంటే మా దగ్గరున్న మాస్టర్ (మేం కాపీలు తీసే అసలు టేపు) కూడా అరిగిపోయింది. చివరికి నేనే, అవే పాటలు కుర్ర గాయకుడు పాడిన టీ-సిరీస్ క్యాసెట్ డెక్‌లో పెట్టాను. ఆయన కౌంటర్ మీద చెయ్యి ఆనించి పల్లవి మొత్తం విన్నారు. "రఫీ సాబ్ కాదు" అన్నారు. తర్వాత ధర అడిగారు. పాతదానికి పెట్టినదాంట్లో సగం. ఇంకేం మాట్లాడకుండా కొనుక్కుని వానలోనే వెళ్లిపోయారు. తిట్టుకుంటూ పోయాడనుకున్నాడు బాబాయి.

పది రోజులకి మళ్ళీ వచ్చి, ఆ వరసలో రెండో భాగం ఉందా అని అడిగారు. నాకు ఆశ్చర్యమేసింది. అప్పుడాయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "రఫీ సాబ్ పాడుతుంటె నేను నోరు మెదపకపోతుంటి. ఈ పిలగాడు పాడుతుంటె నేను గూడ కలుపుతున్న."

దొంగతనం, దొంగతనం అని రాసే విమర్శకులు ఒక్కరైనా ఈ కోణం పట్టించుకున్నట్టు నాకు కనపడలేదు. సోనూ నిగమ్ లాంటి గాయకుడు మొదట్లో నిలదొక్కుకున్నది రఫీ పాటలతో టీ-సిరీస్ వేసిన ఇలాంటి క్యాసెట్లతోనే. కొత్త గొంతుకి పని దొరికింది, పాత పాట మళ్ళీ జనం నోట్లో పడింది. (పాత పాటకి డప్పులు తగిలించి పాడుచేసే ఇప్పటి రీమిక్స్‌లని దీంతో కలపకండి, ఒళ్ళు మండుతుంది.)

1990లో 'ఆషికీ' వచ్చినప్పుడైతే నేను వారానికి రెండుసార్లు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి సరుకు తెచ్చేవాణ్ని. హీరో హీరోయిన్లు కొత్తవాళ్లు, పోస్టర్ మీద వాళ్ల మొహాలు కోటు కింద దాచేశారు. జనం సంగీత దర్శకులు నదీమ్-శ్రవణ్ పాటల కోసమే వెళ్లారు. తారల మీద కాకుండా పాటల మీద సినిమా నిలబడుతుందని డబ్బు పెట్టి నమ్మిన నిర్మాత గుల్షన్ కుమార్.

ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. అనురాధా పౌడ్వాల్ గొంతు మంచిదే, కానీ ఒకే గొంతుని అన్నిటికీ వాడేశారు. షాపులో రోజంతా వింటే మాకు భజనకీ ప్రేమపాటకీ తేడా తెలిసేది కాదు.

1997 ఆగస్టు 12న ముంబై అంధేరీలో గుడి నుంచి బయటికొస్తుంటే కాల్చి చంపారు. ఇప్పుడు ఆయన గురించి ఎవరు మాట్లాడినా ఆ తుపాకులూ మాఫియా కథలే. పద్నాలుగేళ్లలో ఆయన కట్టిన వ్యాపారం గురించి మాట్లాడేవాళ్లు లేరు. ఇప్పుడు తెలుగు పాటల కోసం యూట్యూబ్ తెరిచినా లహరి పేరు పక్కన టీ-సిరీస్ అని కనిపిస్తుంది కదా, ఆ టీ-సిరీస్ మొదలైంది ఆ దర్యాగంజ్ కుర్రాడితోనే.

మా అమ్మ రోజూ పొద్దున ఫోన్లో హరిహరన్ పాడిన హనుమాన్ చాలీసా పెట్టుకుంటుంది. కోట్లమంది చూసిన టీ-సిరీస్ వీడియో అది. అందులో భక్తుడిగా కనిపించేది గుల్షన్ కుమారే. "ఈ పూజ చేసేటాయన ఎవరురా?" అని మొన్న అడిగింది. బాబాయి షాపులో మనం అమ్మిన ఖాళీ క్యాసెట్లు ఈయనవేనమ్మా అని చెప్పాను.