టమాటాతో పేచీ లేదు, సీసాలోని సాస్‌తోనే జాగ్రత్త

ప్రశ్న: నాకు టైప్ 2 డయాబెటిస్. మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. రోజుకు 50 గ్రాముల కార్బోహైడ్రేట్లు దాటకుండా తింటున్నాను. టమాటాలో చక్కెర ఉంటుంది కాబట్టి మానేయమంటున్నారు. మానేయాలా?

జవాబు: అవసరం లేదు. 100 గ్రాముల పండు టమాటాలో కార్బోహైడ్రేట్లు 4 గ్రాములకు కాస్త తక్కువే, అందులో 1.2 గ్రాములు పీచు. దాదాపు 95 శాతం నీరే. మధ్యరకం కాయలు రెండు, అంటే సుమారు 250 గ్రాములు తిన్నా, పీచు పోను మీ లెక్కలోకి వచ్చేది 7 గ్రాములలోపే.

నీరు ఇగిరిపోతే మాత్రం లెక్క మారుతుంది. కిలో టమాటాలు ఉడికి అరకిలో గుజ్జయితే వాటి చక్కెర ఎక్కడికీ పోదు, ప్రతి గరిటెలోనూ రెట్టింపవుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే: ఉడికిన గుజ్జును తూచి, పచ్చికాయ లెక్క వేసుకుంటారు. టమాటాలను వండకముందే తూచి, ఎంతమంది తింటే అంతమందికి భాగించండి. టమాటా పేస్ట్ ఒక టేబుల్ స్పూన్‌లో 3 గ్రాముల కార్బోహైడ్రేట్లు ఉంటాయి. ఎండబెట్టిన టమాటాలైతే 100 గ్రాములకు 50 గ్రాముల పైమాటే, గుప్పెడు తింటే మీ రోజు కోటాలో పెద్ద వాటా పోతుంది.

కెచప్ సంగతి వేరు. టేబుల్ స్పూన్‌కు 4 గ్రాముల పైగా కార్బోహైడ్రేట్లు, వాటిలో ఎక్కువ భాగం విడిగా కలిపిన చక్కెరే. మూడు స్పూన్లు వేసుకుంటే రోజు కోటాలో నాలుగో వంతు అయిపోయినట్టే. బయట సూప్‌లో చిక్కదనం కోసం కార్న్‌ఫ్లోర్ వేస్తారు. అది ఒక్క టేబుల్ స్పూనే 7 గ్రాములు. జ్యూస్ గ్లాసుకు 10 గ్రాముల దాకా ఉంటుంది, పీచు నామమాత్రం. కాబట్టి కాయనే తినండి. నూనెతో వండితే లైకోపీన్ (టమాటాకు ఎరుపునిచ్చే పదార్థం) ఒంటికి బాగా అందుతుంది.

మీ ఒంటికి సరిపడుతోందో లేదో గ్లూకోమీటరే చెప్పాలి. ఒకే భోజనాన్ని ఒకరోజు టమాటాతో, మరోరోజు టమాటా లేకుండా తినండి. తినబోయే ముందు, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు పరీక్షించండి. బ్రెడ్‌తో కలిపి తిని, పెరిగిన చక్కెరకు టమాటాను నిందిస్తే లాభం లేదు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోవడం అరుదు. కానీ గ్లిమిపిరైడ్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి అది పడిపోవచ్చు, కార్బోహైడ్రేట్లు తగ్గించే ముందే డాక్టరుతో మోతాదు సరిచేయించుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవారు ఇంత కఠినమైన ఆహారాన్ని సొంతంగా మొదలుపెట్టకండి, షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదకర స్థితి) ముంచుకురావచ్చు.

ప్రశ్న: అమ్మకు షుగర్‌తో పాటు కిడ్నీ సమస్య కూడా ఉంది. బీపీకి టెల్మిసార్టన్ వాడుతోంది. టమాటా పెట్టవచ్చా?

జవాబు: ఆమె విషయంలో చూడాల్సింది చక్కెర కన్నా పొటాషియం, కిడ్నీలు సరిగా పనిచేయకపోతే అది ఒంట్లో పేరుకుపోతుంది. 100 గ్రాముల టమాటాలో అది 240 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పేస్ట్, జ్యూస్, ఎండు టమాటాలతో ఇట్టే పెరిగిపోతుంది. టెల్మిసార్టన్ కూడా పొటాషియాన్ని ఒంట్లో నిలిపి ఉంచుతుంది. ఇటీవలి రక్తపరీక్షలో పొటాషియం ఎంతుందో చూపించి, రోజుకు ఎంత పెట్టవచ్చో కిడ్నీ డాక్టరును అడగండి. ఈలోగా పేస్ట్, జ్యూస్ ఆపేయండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పు వాడుతుంటే అదీ మానిపించండి, చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది.