ఫారంలో ‘తాగరు’ అని రాస్తే సరిపోతుందా?

కాకినాడ నుంచి ఒకావిడ రాశారు. భర్త వ్యాన్ డ్రైవర్, జీతం 28 వేలు, ఆరేళ్లుగా రోజూ తాగుతారు. తను ఇంట్లోనే కుట్టుపని చేసి 9 వేలు తెచ్చుకుంటారు, ఏడేళ్ల పాప ఉంది. చివరిదాకా ఆగి ఎత్తిన చీటీ డబ్బు లక్షన్నర చేతికొచ్చింది. ఆయన మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసి తెచ్చిన 80 వేల అప్పు తీర్చాలా, లేక లివర్ పాడవుతుందేమోనన్న భయం ఉంది కాబట్టి హెల్త్ పాలసీ తీసుకోవాలా అన్నది ప్రశ్న. ఏజెంటేమో "తాగుతారని రాయకండి మేడమ్, ఎవరూ చూడరు" అన్నాడట.

ఎందుకు చూడరమ్మా, మొదట చూసేదే అది! ఆసుపత్రిలో చేర్చగానే డాక్టరు ఎన్నాళ్లుగా తాగుతున్నారు, రోజుకెంత అని అడిగి కేస్ షీట్లో రాస్తారు, క్లెయిమ్ వచ్చాక కంపెనీవాళ్లు తెప్పించుకునేది ఆ కాగితాన్నే. మద్యం అలవాటు దాచి జీవన్ ఆరోగ్య అనే హెల్త్ పాలసీ తీసుకున్న ఒక కేసులో, ఎల్‌ఐసీ క్లెయిమ్ తిరస్కరించడం సరైనదేనని 2025 మార్చిలో సుప్రీంకోర్టే చెప్పింది. పాలసీ తీసుకుని మూడేళ్లు దాటితే ఎవరూ అడగరనే మాట కూడా వినే ఉంటారు. అది జీవిత బీమా సంగతి. హెల్త్ పాలసీకి అయిదేళ్లు, పైగా మోసం అని రుజువైతే ఆ రక్షణ కూడా ఉండదు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. నిజం రాసినా సరే, మద్యం వ్యసనానికి, దానివల్ల వచ్చే జబ్బులకు ఖర్చు ఇవ్వబోమని హెల్త్ పాలసీల్లో మామూలుగా ఉండే షరతు. అంటే మీరు దేనికి భయపడుతున్నారో దానికే ఆ పాలసీ పనికిరాదు. మీకూ పాపకూ వేరుగా తీసుకోండి, అది అవసరం.

ఇక అప్పు. 80 వేలకు నెలకు 2,400 వడ్డీ, గుండె గుభేల్‌మనే మాటే. కానీ రోజుకు 250 మందుకే పోతోందని మీరే రాశారు, అంటే నెలకు 7,500, ఏడాదికి 90 వేలు. నిరుడు మీ గొలుసు తాకట్టు పెట్టి ఇదే అప్పు తీరిస్తే ఆయన మళ్లీ అదే మనిషి దగ్గర తెచ్చారు కదా. అందుకే ముందు 30 వేలు తాగుడు మాన్పించే వైద్యానికని పక్కన పెట్టండి. జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) సైకియాట్రీ విభాగంలో చూపిస్తే పెద్దగా ఖర్చుండదు, కానీ ఆయన పనికి వెళ్లని రోజులకు ఇల్లు గడవాలి, లివర్ పరీక్షలు చేయించాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. మాల వేసుకుంటే మానేస్తాడని మీ అత్తగారు అన్నారట, వేసుకోనివ్వండి, కానీ డాక్టర్‌కి చూపించాకే. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకీ రావచ్చు. (డ్రైవర్ కాబట్టి ఇంకో మాట: తాగి దొరికితే మొదటిసారికే 10 వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. ఉద్యోగం సంగతి చెప్పక్కర్లేదు.)

వైద్యం మొదలయ్యాకే అప్పు తీర్చండి. డబ్బు ఆయన చేతికివ్వకుండా మీరే వెళ్లి, ఒక పెద్దమనిషి ముందు లెక్క తేల్చి, ప్రోనోటు వెనక్కి తీసుకుని చింపేయండి. ఆయన కోసం మీ పేరు మీద డ్వాక్రా లోన్ తీయడం, హామీ సంతకాలు పెట్టడం మాత్రం వద్దు, ఎంత బతిమాలినా సరే.

మిగిలే 40 వేలు మీ ఒక్కరి పేరునే ఎఫ్‌డీ వేయండి. పాపకు పదేళ్లు నిండలేదు కాబట్టి మీరే గార్డియన్‌గా సుకన్య ఖాతా తెరవొచ్చు, 250 రూపాయలు చాలు. పాపకు 18 వచ్చేదాకా, లేదా పదో తరగతి పాసయ్యేదాకా, మామూలుగా అందులోంచి తీయనివ్వరని చాలామంది విసుక్కుంటారు, మీ ఇంట్లో మాత్రం అదే కావాలి.

చీటీ డబ్బు ఇంకా సేవింగ్స్ ఖాతాలోనే ఉందని, మీ యూపీఐ పిన్ ఆయనకు తెలుసని చివర్లో రాశారు. ఇది చదవగానే ముందు ఆ పిన్ మార్చండి, మిగతావి రేపు చూసుకోవచ్చు.